పిల్లల మేనిఛాయకు గౌరవం కోరుతూ విద్యాశాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారములు.

ప్రాథమిక తరగతుల పాఠ్యపుస్తకాల్లో లేతఛాయ పిల్లలనే మంచివారుగా చూపే బొమ్మల విషయమై మీ కార్యాలయానికి పంపిన వినతులకు సమాధానం రానందువల్ల, నలుగురి సమక్షంలో ఈ లేఖ రాయవలసి వచ్చింది.

మా అమ్మాయి ఒకటో తరగతి చదువుతోంది. తన బొమ్మ తానే గీసుకోమంటే, గోధుమరంగు పెన్సిల్ పెట్టెలోనే ఉన్నా, ముఖానికి లేత గులాబీ రంగు వేసి, "పుస్తకంలో మంచి పిల్లలందరూ ఇలాగే ఉంటారు" అని చెప్పింది. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. 1940వ దశకంలో అమెరికా మనస్తత్వవేత్తలు కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు రంగు తప్ప మరే తేడా లేని ఆటబొమ్మలను పిల్లల ముందుంచినప్పుడు, నల్లజాతి పిల్లల్లో ఎక్కువమంది తెల్లబొమ్మనే మంచిదన్నారు. పాఠశాలల్లో జాతుల వేర్పాటు చెల్లదన్న 1954 నాటి ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు క్లార్క్ రచనను ప్రస్తావించింది. ఈ న్యూనతాభావం పుట్టుకతో వచ్చేది కాదు, మన బొమ్మలూ మన మాటలూ నేర్పేదే.

మేనిఛాయకు ప్రధాన కారణం చర్మంలో ఉండే మెలనిన్ అనే రంగు పదార్థమనీ, తీవ్రమైన ఎండల్లో తరతరాల పూర్వీకులను కాపాడిన రక్షణే తమకు వారసత్వంగా అందిందనీ పిల్లలకు పాఠంలో చెప్పించండి. వచ్చే ముద్రణలో అన్ని ఛాయల పిల్లలనూ కథానాయకులుగా చూపించండి. బడి నాటకాల్లో పాత్రలను రంగునుబట్టి పంచరాదని ఉత్తర్వులివ్వండి. తీసుకోబోయే చర్యలను గడువుతో సహా లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విద్యార్థిని తల్లి