సున్నం గీతల మీద నడిచిన స్ట్రెచర్

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. చివర్లో నువ్వు అడిగిన ప్రశ్న వారం రోజులుగా మనసులో మెదులుతూనే ఉంది. హైదరాబాదులో మీ కంపెనీ ఏడాదిన్నరలో అయిదంతస్తుల అపార్టుమెంటు లేపుతుంటే, రోడ్లు భవనాల శాఖలో ఇన్నేళ్ళ సర్వీసున్న నేను 30 పడకల ఆసుపత్రికి మూడేళ్ళు ఎందుకు తీసుకుంటున్నానని అడిగావు. గోడలు లేపడానికి మాకు పట్టే కాలం తక్కువే. ఆ భవనం ఎలా ఉండాలో తేల్చుకోవడానికే ఎక్కువ రోజులు పోతాయి. అక్కడ తొందరపడితే తర్వాత ఎంత ఖర్చుపెట్టినా దిద్దుకోలేము.

మీకు స్థలమూ డబ్బూ నిర్ణయమూ ఒకే గదిలో ఉంటాయి. మాకు ఆసుపత్రి కావలసింది ఒక శాఖకి, డబ్బు విడుదల చేసేది మరొక శాఖ, కట్టేది మేము. ముందు పరిపాలనా అనుమతి జీవో రావాలి, తర్వాత ప్రభుత్వం నిర్ణయించిన షెడ్యూలు రేట్లతో వివరమైన అంచనా తయారుచేసి సాంకేతిక మంజూరు తీసుకోవాలి, ఆ పైనే టెండరు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో టెండర్లను ఆన్‌లైన్లో వేసే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలయ్యాక టెండరు పెట్టె దగ్గర ఒకరినొకరు అడ్డుకునే గొడవలు తగ్గాయి. అది నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే మార్పు. అయినా పని తక్కువకు కోట్ చేసినవారికే దక్కుతుంది గనుక, అంచనాకి బాగా దిగువన పాడుకున్న కాంట్రాక్టరు ఎక్కడ మిగుల్చుకోబోతాడో మొదటి రోజు నుంచీ కనిపెట్టుకుని ఉండాలి.

మా స్థలం నల్లరేగడి. మే నెలలో చూడబోతే నెర్రెల్లో నా చెయ్యి మోచేతిదాకా దిగింది. వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే ఆ నేలలో మామూలు పునాది నిలవదు. అందుకని నేల కదలని లోతుకు బోరు దింపి, అడుగున రెండున్నర రెట్లు వెడల్పుగా ఉల్లిగడ్డలా తొలిచి కాంక్రీటు నింపే అండర్ రీమ్డ్ పైల్స్ పెట్టాలని నిర్ణయించాము.

బోరు యంత్రం రావడానికి ముందు రోజు జరిగింది నీకు వివరంగా చెప్పాలి. ఆమోదం పొందిన ప్లాను ప్రకారం గదులన్నీ నేల మీద సున్నంతో గీయించి, పాత ఆసుపత్రి నుంచి హెడ్‌నర్సు గారిని ఒక స్ట్రెచర్‌తో సహా రమ్మన్నాను. ఆవిడ ఇద్దరు వార్డు బాయ్‌ల చేత ఆ స్ట్రెచర్‌ను కాన్పుల గది నుంచి ఆపరేషన్ థియేటర్ వైపు ఆ గీతల మధ్యనే నడిపించారు. కారిడారు 1.8 మీటర్లు. మలుపు దగ్గర చక్రాలు రెండుసార్లు గీత దాటి బయటికి పోయాయి. "నొప్పులు పడుతున్న మనిషిని ఇక్కడ ఆపి, వెనక్కి లాగి, మళ్ళీ తిప్పాలా సార్?" అని ఆవిడ అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. కారిడారును 2.4 మీటర్లు చేయాలని ఆ సాయంత్రమే పై అధికారికి రాశాను. విస్తీర్ణం పెరిగింది, అంచనా సవరించాలి, కొత్త మంజూరు రావాలి: నాలుగు నెలలు పోయాయి. ఆ నాలుగు నెలలూ మేము నిద్రపోతున్నామని అన్నవాళ్ళున్నారు. ఇంతకుముందు మరొకచోట నేను అక్కడ పనిచేసేవారికి ప్లాను చూపించకుండానే కట్టించాను. తీరా ఎక్స్‌రే యంత్రం వచ్చాక అది తలుపులో పట్టక, పూత ఆరిన గోడను పగలగొట్టించవలసి వచ్చింది. ఆ సుత్తి దెబ్బల చప్పుడు విన్న తర్వాత నాలుగు నెలలు నాకు ఎక్కువనిపించలేదు.

కింది అంతస్తు స్లాబు పోసిన రోజు ఒక రెడీమిక్స్ లారీ కాంక్రీటుకు దాని పలచదనం చూసే స్లంప్ కోన్ అనే అచ్చు పెట్టి, నింపి ఎత్తితే, ముద్దగా నిలబడవలసింది అంబలిలా పరుచుకుపోయింది. దారిలో నీళ్ళు కలిపారని అర్థమై ఆ లారీని వెనక్కి పంపాను. ఎం25 కాంక్రీటు 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం చూపాలి కదా, ఆ నీళ్ళతో అది ఎక్కడ నిలుస్తుంది? పదో రోజున ఒక పెద్దమనిషి పర్యటన ఉందనీ, లోపల శుభ్రంగా కనిపించేలా స్లాబును మోస్తున్న సెంట్రింగ్ బాదులు ఊడదీయమనీ ఫోను వచ్చింది. ఆరు మీటర్లు దాటిన బీముల కింద వాటిని 21 రోజులు ఉంచాలని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోందనీ, అంతకుముందు తీయలేననీ రాతపూర్వకంగా జవాబిచ్చాను. ఆయన ఆ సరుగుడు బాదుల మధ్యనే నడిచి చూసి వెళ్ళారు, ఏమీ అనలేదు.

బిల్లుల సంగతి నీకు తెలియనిది కాదు. చేసిన పని నమోదుచేసే ఎం-బుక్కులో కొలతలు ఎక్కించి, వాటిని మళ్ళీ సరిచూసే చెక్ మెజర్‌మెంట్ చేసి పంపాక కూడా డబ్బు నెలల తరబడి రాకపోతే, కాంట్రాక్టరు ముందు కూలీలనే తగ్గిస్తాడు. వాళ్ళు ఊరికి వెళ్ళిపోతే మళ్ళీ రప్పించడం కష్టం. ఈ విషయంలో నా కోపం ఇంకా చల్లారలేదు.

వచ్చే నెల రెండో వారంలో పై స్లాబు పోస్తున్నాము. పడకలు పట్టే లిఫ్టు గుంతలోకి వాన నీరు దిగకుండా మీరు మీ సైట్లలో ఏం చేస్తారో వివరంగా రాయి, వీలైతే నువ్వే ఒకసారి వచ్చి చూడు. హెడ్‌నర్సు గారు ప్రతి గురువారం సైటుకు వచ్చి ఆ మలుపు దగ్గర ఒక నిమిషం నిలబడి వెళ్తున్నారు, నీకు ఆవిడను పరిచయం చేస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు