మీ విచారణ తర్వాత చేసుకోవచ్చు, ముందు పోలీసులకు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

బడిలోనో కోచింగ్ సెంటర్‌లోనో ఒక పెద్దమనిషి పిల్లలతో తప్పుగా ప్రవర్తించాడని వార్త వస్తే, దాని కింద యాజమాన్యం మాట ఒకటి తప్పకుండా ఉంటుంది, "అంతర్గత విచారణ జరుపుతున్నాం" అని. చదివేవాళ్లకు అది బాధ్యతగానే అనిపిస్తుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది, ఎందుకంటే అలాంటి విచారణ ఒకటి నేను కళ్లారా చూశాను.

కొన్నేళ్ల కిందట మా పిల్లలు చదివే స్కూల్లో తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను. ఒక చిన్న పాప ఆటల సార్ గురించి వాళ్లమ్మకు ఏదో చెప్పింది, ఆవిడ ఏడుస్తూ ప్రిన్సిపాల్ దగ్గరికి వచ్చింది. ఆ వారంలో పాపను నాలుగుసార్లు పిలిచి అడిగారు. క్లాస్ టీచర్, ప్రిన్సిపాల్, కరస్పాండెంట్, చివరికి మా కమిటీ. పెద్ద కుర్చీలో కూర్చోబెడితే కాళ్లు నేలకు అందడం లేదు, వాటర్ బాటిల్ మూత తీస్తూ పెడుతూ ఉంది. "నువ్వు పొరపాటు పడలేదు కదమ్మా? సార్ ఉద్యోగం పోతుంది, తెలుసా?" అని అడుగుతుంటే చివరికి ఆ పిల్ల "ఏమో, గుర్తు లేదు" అంది. "చూశారా, మాట మారుస్తోంది" అని ఒకాయన ఫైలు మూసేశాడు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను, నోరు విప్పలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నుంచే ఉంది, ఆ గదిలో దాని ఊసెత్తినవాళ్లు లేరు. నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పాలని 19వ సెక్షన్ అంటోంది. తన కింద పనిచేసేవాడి సంగతి తెలిసి కూడా చెప్పకపోతే సంస్థ నడిపేవాళ్లకు ఏడాది దాకా జైలు. ముందు మీరు రుజువు చేసుకుని రండి అని చట్టంలో ఎక్కడా లేదు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టే వీలు కూడా లేదు. పోలీసులు సైతం పిల్లల వాంగ్మూలం వాళ్ల ఇంట్లోనో వాళ్లకు నచ్చిన చోటో తీసుకోవాలి, అదీ యూనిఫాం లేకుండా, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారే. పోలీసులకే ఇన్ని షరతులు పెడితే, ఏ శిక్షణా లేని మేం ఆ పసిదాన్ని మధ్యలో కూర్చోబెట్టి ప్రశ్నలు గుప్పించాం.

మొదట విన్నవాళ్లు చేయాల్సింది కొంచెమే. పిల్లలు ఏ మాటల్లో చెప్పారో ఆ మాటల్లోనే రాసి తేదీ, టైము వేయాలి. "ఇలా చేశాడా?" అని మన మాట వాళ్ల నోట్లో పెట్టకుండా "తర్వాత ఏమైంది?" అని ఊరుకోవాలి. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకూడదు, ఎందుకంటే చెప్పక తప్పదు. ఆరోపణ వచ్చిన మనిషిని విషయం తేలేదాకా పిల్లల దగ్గరికి పంపకూడదు. దోషి అని ముద్ర వేయమని కాదు, పక్కన ఉంచమని.

అబద్ధం ఫిర్యాదు అయితే ఆయన బతుకేం కావాలి అని అడుగుతారు. అడగాల్సిన మాటే. కక్షతో తప్పుడు ఫిర్యాదు చేసిన పెద్దవాళ్లకు ఈ చట్టంలోనే శిక్ష ఉంది, పిల్లలకు లేదు. కానీ మా స్కూల్లో ఏం జరిగింది? రెండు వారాలకు ఆయన చేత రాజీనామా రాయించుకుని చడీచప్పుడు లేకుండా పంపేశారు. తప్పు చేసి ఉంటే ఈపాటికి ఇంకో బడిలో పిల్లల మధ్య ఈల ఊదుతూ ఉంటాడు, చేయకపోతే వాట్సాప్ గ్రూపుల్లో అంటిన మచ్చ జీవితాంతం మోయాలి. ఏది నిజమో ఎప్పటికీ తేలదు, తేల్చాల్సినవాళ్ల దాకా విషయాన్ని మేం వెళ్లనివ్వలేదు కాబట్టి.

ఇంకో సంగతి, పిల్లలతో పనిచేసే చోట సిబ్బంది అందరికీ, కాంట్రాక్టు వాళ్లతో సహా, పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని 2020 నాటి పోక్సో నిబంధనల్లో ఉంది, అదీ ఒక్కసారి చేసి వదిలేయడం కాదు. బస్సు డ్రైవర్‌కు చేయించారా, వారానికోసారి వచ్చే డాన్స్ మాస్టర్‌కు చేయించారా అని తల్లిదండ్రులు ఫీజు కట్టేటప్పుడే అడగొచ్చు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. "పాప పేరు మార్చాం" అని రాసి, పక్కనే స్కూలు గేటు ఫోటో, వీధి పేరు వేస్తే ఆ పిల్ల ఎవరో చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది. పేరుతో పాటు బడి, ఇరుగుపొరుగు వివరాలు కూడా బయటపెట్టకూడదని 23వ సెక్షన్ చెబుతోంది. ఆ ఫోటో వేసే జాగాలో 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక తల్లి, మీ పాఠకురాలు