వేలు పడలేదని వెనక్కి పంపొద్దు

చిరంజీవి అమ్మణ్ణికి,

అమ్మ దీవించి రాసేది. నువ్వు అడిగిన రెండు సంగతులూ ఫోన్లో తేలేవి కావు. మీ గ్రామ సచివాలయం తరఫున నువ్వు ఇంటింటికీ పింఛను పంచే రోజు మెషీన్ మీద వేలిముద్ర పడని అవ్వల్ని, తాతల్ని ఏం చెయ్యాలన్నది ఒకటి. రోజూ మొబైలుకు ముఖం చూపించి హాజరు వేయించుకోవడం దొంగల్ని చూసినట్టుగా ఉందన్నది రెండోది. నాకు రెండూ ఒకటే అనిపిస్తున్నాయి. ఎవరిమీదనో నమ్మకం చాలక పెట్టిన మెషీన్లే ఇవి. ఆ మెషీన్ ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ చెప్పలేదో నీకు తెలిస్తే నీ ఉద్యోగం సగం తేలికవుతుంది.

ముందు వేళ్ల సంగతి. నీకు పోస్టింగ్ వచ్చిన కొండపి, టంగుటూరు వైపు ఆడవాళ్ల చేతులు ఒకసారి పట్టి చూడు. పొగాకు పచ్చాకు కోసి కర్రలకు కట్టేటప్పుడు కారే జిగురు వేళ్లకు అట్టగట్టి నల్లబడుతుంది. జనవరి నుంచి మార్చి దాకా, ఆకు కాల్చే బ్యారన్లు నడిచే రోజుల్లో, అది మరీ ఎక్కువ. చీమకుర్తి గ్రానైట్ పనిలో ఉన్నవాళ్లకు, బేల్దారి పనిలో సిమెంటు కలిపేవాళ్లకు అసలు గీతలే అరిగిపోతాయి. మన నెల్లూరు వైపు రొయ్యల షెడ్లలో ఐసు నీళ్లలో నానిన చేతులు ముడతలు పడి ఉంటాయి. ముసలివాళ్లకైతే చర్మంలో తేమ, బిగువు రెండూ తగ్గుతాయి. గట్టిగా నొక్కమంటే ఉన్న గీతలు కూడా అణిగి చదునైపోతాయి. అందుకని "ఇంకా గట్టిగా నొక్కవ్వా" అనే మాట నీ నోట రానియ్యకు. ఆ మాట వల్లే సగం వేళ్లు పడవు.

మీకిచ్చే స్కానర్లలో ఎక్కువ భాగం అద్దం కింద నుంచి వెలుగు పంపి, గీత అద్దానికి తాకిన చోటికి, తాకని చోటికి తేడా చూసి బొమ్మ తీస్తాయి. వేలు ఎండిపోయి ఉంటే గీత సరిగా తాకదు. తడిగా ఉంటే గీతల మధ్య సందుల్లో నీళ్లు నిండి మొత్తం ఒకటే మచ్చ అవుతుంది. కాబట్టి కావలసింది తడీ కాదు, పొడీ కాదు. తడిగుడ్డతో వేలు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్ది, అర నిమిషం ఆగి పెట్టించు. మరీ పొడిబారిన వేలైతే నుదుటి మీదో ముక్కు పక్కనో ఒకసారి రుద్దుకోమను. ఆ కాస్త జిడ్డు చాలు. కొబ్బరినూనె రాయనియ్యకు, అద్దం పాడై తర్వాత పదిమందికి ఇబ్బంది. పొగాకు పనికి పోయేవాళ్లకు ముందు రోజు సాయంత్రమే చెప్పి పెట్టు, పొద్దన్నే గోరువెచ్చని నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కుని పనికి పోకముందే ఇంట్లో ఉండమని. అద్దాన్ని ఐదారుగురికి ఒకసారి మెత్తని పొడిగుడ్డతో తుడువు. ఎండలో నిలబడి వేయించొద్దు. నేరుగా ఎండ పడితే స్కానర్‌కు వేలు కనబడదు. చెట్టు నీడకో వసారాలోకో జరుగు.

అందరూ బొటనవేలితోనే మొదలుపెడతారు. పనిలో ఎక్కువ అరిగేది అదే. ఆధార్‌లో పది వేళ్లూ ఉంటాయి కాబట్టి ఉంగరపు వేలు, మధ్య వేలు, ఎడమ చెయ్యి కూడా వేయించి చూడు. ఏ వేలు పడిందో నీ లిస్టులో పేరు పక్కనే రాసుకో, "ఎడమ ఉంగరం" అని. వచ్చే నెల ఆ ఇంటికి పోగానే ఆ వేలే అడుగు. రెండు నెలలు ఇలా రాసుకుంటే నీకు అప్పగించిన ఇళ్ల క్లస్టరులో నిజంగా కష్టమైన మనుషులు ఎవరో నీకు తేలిపోతుంది. మిగతా వాళ్ల దగ్గర ఊరికే సమయం పోదు.

తెరమీద ఎర్రగా ఏదో వచ్చిందంటే "మెషీన్ పనిచెయ్యట్లేదు" అని కదిలిపోకు. నంబరు కనిపిస్తే చదువు. 300 అంటే వేలు సరిపోలలేదు, వేలు మార్చాలి. 330 అంటే ఆ మనిషి ఎవరూ వాడకుండా ఆధార్‌లో తన బయోమెట్రిక్‌కు (వేలు, కన్ను, ముఖం) తాళం వేసుకున్నారు, ఎన్ని వేళ్లు పెట్టినా పడదు. తాళం తీయించాలి. 561, 562 వస్తే తప్పు అవ్వది కాదు, నీ ఫోన్లో గడియారానిది. తేదీ, సమయం ఆటోమేటిక్‌లో పెట్టి మళ్లీ ప్రయత్నించు. 811 అంటే ఆధార్‌లో ఆ బయోమెట్రిక్ రికార్డే లేదు. 996, 997 అయితే ఆధారే రద్దయిందో నిలిపేశారో, అది నీ చేతిలో తేలేది కాదు, ఆధార్ కేంద్రానికి పంపాలి. నంబరేమీ రాకుండా స్కానరే పలకకపోతే ముందు దాన్ని ఫోనుకు కలిపే ఓటీజీ కేబుల్ వదులైందేమో చూడు. తర్వాత స్కానర్‌ను నడిపే ఆ కంపెనీ ఆర్‌డీ సర్వీసు యాప్ తెరిచి 'రెడీ' అని వస్తోందో లేదో చూడు. ఫోను మారిస్తే ఇది దాదాపు ప్రతిసారీ ఆగుతుంది.

వేలు పడకపోతే కన్ను, కన్నూ పడకపోతే ముఖం. ఐరిస్ తీసేటప్పుడు పైరెప్పను మెల్లగా ఎత్తి పట్టుకోమని ఇంట్లోవాళ్లకు చెప్పు, ముసలివాళ్లకు రెప్ప వాలి ఉంటుంది. కంటి ఆసుపత్రిలో చుక్కల మందు వేయించుకొచ్చిన రోజు కనుపాప విప్పారి ఉంటుంది, పడకపోవచ్చు. ముఖానికి వెలుగు ఎదురుగా ఉండాలి. వాకిట్లోకి వీపు పెట్టి కూర్చోబెడితే ముఖం నల్లగా వస్తుంది. కళ్లు ఆర్పమన్నప్పుడు చెవి వినబడని తాతకు చెయ్యి చూపించి సైగ చెయ్యి.

ఇవన్నీ అయ్యాక కూడా పడని మనుషులు మిగులుతారు. నేను నిజంగా రాయాలనుకున్నది వాళ్ల గురించే. మెషీన్ 'కాదు' అంటే ఈ వేలు నా దగ్గరున్న బొమ్మతో కలవలేదని మాత్రమే దాని అర్థం. ఈమె ఆమె కాదు అని చెప్పే శక్తి దానికి లేదు. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషిని, నీ ముందే కూర్చున్న మనిషిని, 'రుజువు కాలేదు' అని ఖాళీ చేతులతో వదిలెయ్యడం చట్టం కూడా ఒప్పుకోదు. ఆధార్ కేసులో 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పులో ఈ మాట ఉంది, బయోమెట్రిక్ సరిపోలలేదన్న కారణంగా అర్హులకు పథకం ఆపకూడదని. అంతకు ముందే, 2017 అక్టోబరు 24న, ఆధార్ సంస్థ కూడా వేలు పడనివాళ్లకు వేరే దారి పెట్టాలని సర్క్యులర్ ఇచ్చింది. మీ యాప్‌లో ఆ వేరే దారి ఏ మెనూలో ఉందో, దానికి ఎవరి అనుమతి కావాలో ఎంపీడీఓ ఆఫీసులో నెలాఖరుకే అడిగి తెలుసుకో. ఒకటో తేదీ పొద్దున ఆరింటికి అడిగితే ఎవరూ చెప్పరు.

ఆ దారిలో ఇచ్చేటప్పుడు నీ రక్షణ కూడా చూసుకోవాలి. ఒక నోటుపుస్తకం పెట్టుకో. పేరు, తేదీ, సమయం, ఏయే వేళ్లు ఎన్ని మార్లు పెట్టించావో, కన్ను, ముఖం ప్రయత్నించావో లేదో, తెరమీద వచ్చిన నంబరు, అప్పుడు పక్కనున్న ఇద్దరి సంతకాలు. అక్కడికక్కడే రాయి, సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాయకు. మూడు నెలలు వరసగా పడనివాళ్ల పేర్లు విడిగా తీసి, ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ కొత్తగా తీయించుకోమని చెప్పు. పెద్దవాళ్లకు 2025 అక్టోబరు నుంచి దానికి 125 రూపాయలు. అంతకు మించి ఎవరడిగినా ఇవ్వొద్దని కూడా చెప్పు. మంచం మీదున్నవాళ్లకు ఇంటికే వచ్చి తీసే ఏర్పాటు ఉంది, ఆధార్ వాళ్ల నంబరు 1947కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

పైవాళ్లకు పోయే రిపోర్టులో నూటికి ఎంతమందికి పంచారన్నది ఒక్కటే ఉంటుంది. మూడు మార్లు తిరిగి నాలుగోసారి తీసుకున్న అవ్వ కూడా అందులో 'పంపిణీ అయింది' కిందకే వస్తుంది. ఆ మూడు తిరుగుళ్లు ఎక్కడా లేవు. ప్రతి సచివాలయమూ వేలు పడనివాళ్ల లెక్కను నెలనెలా గ్రామసభలో చదివి వినిపించాలన్నది నా అభిప్రాయం. ప్రభుత్వం చెప్పేదాకా ఆగకుండా మీ ఊళ్లో నువ్వు మొదలుపెట్టొచ్చు, నోటుపుస్తకం ఉంది కదా.

డబ్బు సంగతి. 500 నోట్ల కట్ట ఒకటి 50,000. అందులో 4,000 పింఛన్లు పన్నెండు పోతాయి, నాలుగు నోట్లు మిగులుతాయి. ఆ మిగిలిన నాలుగు నోట్ల దగ్గరే లెక్క తప్పుతుంది. నీ లిస్టులో 43 మందికి 4,000, ఏడుగురు దివ్యాంగులకు 6,000 అనుకో, మొత్తం 2,14,000. అంటే నాలుగు కట్టలు, 28 నోట్లు. బ్యాంకు కౌంటరు దగ్గరే కట్టలు విప్పి లెక్కపెట్టు, బయటికొచ్చాక నోటు తక్కువైతే అది నీ జీతంలోంచే పోతుంది. ఇంటికి పోయాక ఎనిమిదేసి, పన్నెండేసి నోట్లు విడివిడిగా రబ్బరు బ్యాండు వేసి పెట్టు. ఒకటో తేదీ సెలవు రోజు పడితే ముందు రోజే పంచాలి కాబట్టి డబ్బు ఇంకా ముందు తియ్యాలి, క్యాలెండరు చూసుకో.

వేలు పడిన వెంటనే, అదే గడపలో, వాళ్ల చేతిలోనే నోట్లు లెక్కపెట్టించు. పొద్దున అందరి వేళ్లూ ఒకచోట వేయించి సాయంత్రం డబ్బిస్తామనే పద్ధతి ఎవరు చెప్పినా ఒప్పుకోకు, వాళ్లు నీకు ఎంత పెద్దవాళ్లైనా సరే. నెట్ మధ్యలో పోయి 'అయిందా లేదా' తెలియకపోతే మళ్లీ వేలు పెట్టించకు, ముందు ఆ పేరు మీద రిపోర్టు తెరిచి చూడు.

ఇంకొకటి, ప్రతి వేలుకూ కారణం చెప్పు. "పింఛను కోసం అవ్వా, ఒక్కసారే" అని. ఎందుకంటే ఊళ్లలో ఆధార్‌తో బ్యాంకు డబ్బు తీసిచ్చే మైక్రో ఏటీఎంల దగ్గర మోసం ఇలాగే జరుగుతుంది. "పడలేదు, మళ్లీ పెట్టు" అంటారు, పెట్టిన ప్రతిసారీ ఖాతాలోంచి డబ్బు పోతుంది, ఒక్కో దఫా 10,000 దాకా. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకలు చేసి తీసిన కేసులు కూడా ఉన్నాయి. ఎవరైనా నీ దగ్గరికొచ్చి డబ్బు పోయిందంటే ఆ గంటలోనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించు, బ్యాంకులో ఫిర్యాదు రాతపూర్వకంగా ఇప్పించి నకలు మీద స్టాంపు వేయించు. వాళ్ల తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేని మోసం అయితే, బ్యాంకు నుంచి కబురు అందాక మూడు పనిదినాల లోపల చెబితే ఆ నష్టం ఖాతాదారుది కాదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు ఉంది. ఫోన్ నంబరు ఆధార్‌కు కలిపి ఉన్నవాళ్లకు బయోమెట్రిక్ తాళం వేసుకోవడం నేర్పు. పింఛను రోజు అది తీసిపెట్టుకోవాలని కూడా అప్పుడే చెప్పు, లేకపోతే 330 వస్తుంది.

ఇప్పుడు నీ హాజరు. ముఖం చూపించమనడం నిన్ను అవమానించడం అనుకోకు, అలాగని అది నిన్ను నమ్మడమూ కాదు. నువ్వు ఆ చోట ఉన్నావని చెబుతుంది, పని చేశావా అన్నది దానికి తెలియదు. ఈ తేడా అధికారులు మరిచిపోతున్నారనే నా బాధ. తొమ్మిదింటికి ముఖం చూపించి రోజంతా కూర్చున్నవాళ్లూ, ఏడింటికే మంచం మీదున్న తాత ఇంటికి పోయి పదిన్నరకు ఆఫీసుకొచ్చినవాళ్లూ ఉంటారు. యాప్ తప్పుపట్టేది రెండోవాళ్లనే. అందుకని బయటికి పోయే ముందు మూవ్‌మెంట్ రిజిస్టరులో రాసి పో. సిగ్నల్ లేక హాజరు పడకపోతే సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పంచాయతీ కార్యదర్శికి అప్పుడే పంపు. నెలాఖరున జీతం కోసినప్పుడు చూపిస్తే ఎవరూ వినరు. లొకేషన్ మార్చే యాపుల జోలికి తోటివాళ్లు పోయినా నువ్వు పోకు. ఒక్కరు దొరికితే నిజంగా సిగ్నల్ లేని పదిమంది మాట కూడా చెల్లదు.

నీ లాగిన్ ఎవరికీ ఇవ్వకు. పక్క సీటు అమ్మాయి ఎంత మంచిదైనా, "నువ్వు పింఛన్లకు పోయావు కదా, ఓటీపీ చెబితే ఆ సర్టిఫికెట్ నేను పంపేస్తా" అన్నా ఇవ్వకు. రికార్డులో పడేది నీ పేరు, సమయం. ఆమెను నమ్మనట్టు కాదు, తర్వాత ఎవరైనా అడిగినప్పుడు ఇద్దరిలో ఎవరు చేశారో చెప్పే దారి ఉండదు. స్నేహం అక్కడే చెడుతుంది. అడిగినవాళ్లకు నువ్వు ఇవ్వనని మొదటి వారంలోనే చెప్పేస్తే మళ్లీ అడగరు. పాస్‌వర్డు కాగితం మానిటరుకు అంటించి ఉంటే ఈ రోజే తీసెయ్యి.

చివరిగా వాట్సాప్ గ్రూపులు. పింఛను ఇస్తున్న ఫొటో పంపమని ఒత్తిడి ఉంటుంది. ఫొటో పంపినా ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం అందులో కనబడనియ్యకు. ఆధార్ నకలు కావాలంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కార్డు తీసుకో. నీ ఫోను గ్యాలరీలో మిగిలిన వాళ్ల కాగితాలు పని అయిన రోజే చెరిపెయ్యి, గూగుల్ ఫొటోస్‌లోకి దానంతట అదే పోయిన కాపీ కూడా.

ఇక్కడ అందరం బాగున్నాం. పెన్నలో నీళ్లు బాగానే ఉన్నాయి. నాన్న రెండు మెత్తని గుడ్డలు కత్తిరించి, అంచులు కుట్టించి పెట్టారు, స్కానర్ తుడవడానికి. ఈ శనివారం నువ్వు రాలేకపోతే ఒంగోలు బస్సులో ఎవరి చేతనైనా పంపిస్తాను. ఆ వేళ్ల లిస్టు రెండు నెలలు రాశాక నాకూ ఒక నకలు పంపు, పేర్లు తీసేసి, వేళ్లు మాత్రమే. ఏ పని చేసేవాళ్లకు ఏ వేలు మిగులుతోందో చూడాలని ఉంది.

ఇట్లు,
మీ అమ్మ