అంగన్‌వాడీ పిల్లల మనసుకూ పద్దు కేటాయించండి

సంపాదకులకు,

అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేసి విరమించాను. చివరి ఏళ్లలో మా సెంటర్‌కు వచ్చిన ఒక నాలుగేళ్ల పాపను మరచిపోలేకపోతున్నాను. మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతూ అమ్మానాన్నలు ఆమెను నాయనమ్మ దగ్గర వదిలి వెళ్లారు. అప్పటిదాకా గలగలా మాట్లాడిన పిల్ల నోరు విప్పడం మానేసింది. గుడ్డు పెడితే తినేది, పాలు ఇస్తే తాగేది. బయట ఆటో చప్పుడైతే మాత్రం లేచి గుమ్మం దాకా వెళ్లి నిలబడేది. ఉగాదికి తల్లి తిరిగి వస్తే దగ్గరకు పోలేదు. బరువు తూస్తే వయసుకు తగ్గట్టే ఉంది. నా రిజిస్టర్ల ప్రకారం ఆ పాపకు ఏ లోటూ లేదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. చూడవలసిన 30 సమస్యల్లో మాటలు ఆలస్యం కావడం, ప్రవర్తన లోపాలు కూడా ఉన్నాయి. బృందంలో ఉండేది మాత్రం ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు. కళ్లు, పళ్లు, చెవులు చూసే హడావిడిలో మాట్లాడని పిల్ల బుద్ధిమంతురాలిగానే కనిపిస్తుంది. మా దగ్గరా అదే జరిగింది. 2022లో వచ్చిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ (14416) మంచి ఏర్పాటే, కానీ నాలుగేళ్ల పిల్ల ఫోను చేయలేదు కదా!

పిల్లల మనసు కనిపెట్టే ఈ పనినీ రెండు రోజుల శిక్షణ ఇచ్చి అంగన్‌వాడీ టీచర్లకే అంటగడతారేమోనని నా భయం. 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేసినప్పుడు వాళ్ల గౌరవ వేతనం 11,500 రూపాయలు. పిల్ల దిగులును పసిగట్టడం మాకు చేతనవును. పసిగట్టాక ఎవరికి చూపించాలో చెప్పేవారే లేరు.

ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) ప్రాజెక్టులు 257 ఉన్నాయి. ప్రాజెక్టుకు ఒక పిల్లల మనస్తత్వ నిపుణురాలిని నియమించి, సెంటర్లు తిరిగే ప్రయాణ ఖర్చులు ఇస్తే చాలు. 55 వేలకు పైగా కేంద్రాలకు గుడ్లు, పాలు చేరవేస్తున్న ప్రభుత్వానికి 257 జీతాలు మోయలేని భారం కావు. అంగన్‌వాడీల సాధారణ ఖర్చులో 60 శాతం కేంద్ర ప్రభుత్వానిదే కాబట్టి, ఈ పద్దునూ అందులో చేర్చమని రాష్ట్రం గట్టిగా అడగాలి. అన్నిచోట్లా ఒకేసారి కుదరకపోతే, వలసలు ఎక్కువగా ఉన్న మండలాలతో ఈ కోతల కాలం లోపే మొదలుపెట్టండి.

– ఒక విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త, ప్రకాశం జిల్లా