స్కాన్ చేసి పెడితే సరిపోదు, వెతికితే దొరకాలి

సంపాదకులకు నమస్కారం.

జిల్లా కార్యాలయంలో చాలాకాలం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ (ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు) చూసి, సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. నా దగ్గర పనిచేసిన జూనియర్ అసిస్టెంట్లు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. "సార్, ఫలానా మెమో ఎక్కడుందో గుర్తుందా?" అని అడుగుతారు. ఆ మెమో వాళ్ల ఎదురుగా ఉన్న కంప్యూటర్లోనే, శాఖ ఇంట్రానెట్‌లోనే ఉంటుంది. సెర్చ్‌లో కొడితే మాత్రం రాదు. కాగితాలన్నీ ఆన్‌లైన్ అయ్యాయని సంతోషిస్తున్నాం కానీ, కావాల్సినప్పుడు అవి దొరుకుతున్నాయో లేదో ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. సర్వీసులో ఉండగా చనిపోయిన ఒక అటెండరు భార్య కారుణ్య నియామకానికి దరఖాస్తు పెట్టుకున్నారు. నిబంధనకు వివరణ ఇచ్చిన పాత క్లారిఫికేషన్ మెమో కాపీ జతచేయమని పై ఆఫీసు ఆ ఫైలును తిప్పి పంపింది. సెక్షన్‌లో ఉన్న అమ్మాయి 'కారుణ్య నియామకం' అని తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ కొట్టి చూసింది. కుప్పలుగా కాగితాలు వచ్చాయి కానీ కావాల్సింది రాలేదు. చివరికి ఏ నెలలో అప్‌లోడ్ అయి ఉంటుందో ఊహించి, ఆ నెల ఫైళ్లన్నీ ఒక్కొక్కటీ తెరిస్తే బయటపడింది. దాని పేరు 'స్కాన్0047'. సబ్జెక్టు గడిలో ఒక చుక్క మాత్రమే ఉంది. ఆ గడి ఖాళీగా వదిలితే సిస్టమ్ ముందుకు పోనివ్వదు కాబట్టి ఎవరో చుక్క పెట్టి సరిపెట్టేశారు. ఆ చుక్క వల్ల ఒక కుటుంబం నెలల తరబడి ఆఫీసు మెట్లు ఎక్కి దిగింది.

ఫోన్ చేసిన పిల్లలకు నేను చెప్పేది ఇక్కడా చెబుతాను, మరికొందరికి పనికొస్తుంది. జీవో నంబరు ఒక్కటే కొట్టకండి. ప్రతి శాఖా ఏటా ఒకటో నంబరు నుంచి మొదలుపెడుతుంది కాబట్టి ఒకే నంబరుతో ఎన్నో జీవోలుంటాయి. పైగా జీవోల్లో ఎం.ఎస్., ఆర్.టి. అని వేర్వేరు వరుసలుంటాయి, ఎం.ఎస్.లో ఉన్న నంబరే ఆర్.టి.లోనూ ఉంటుంది. నంబరు, శాఖ, సంవత్సరం మూడూ కలిపి కొట్టాలి. కారుణ్య నియామకాలకు మూలమైన జీవో ఎం.ఎస్. 687 సాధారణ పరిపాలన శాఖది, తేదీ 3-10-1977. ఈ తేదీని ఒకరు చుక్కలతో, ఒకరు గీతలతో, ఇంకొకరు ముందు సున్నా చేర్చి రాస్తారు. పూర్తి తేదీ కొడితే తప్పిపోతుంది, 1977 చాలు.

తెలుగులో వెతికేటప్పుడు విభక్తులతో, బహువచనాలతో జాగ్రత్త. నియామకం, నియామకాలు, నియామకానికి... చాలా సెర్చ్‌లకు ఇవన్నీ వేర్వేరు మాటలే. చివర నక్షత్రం గుర్తును (*, ఆ తర్వాత ఏ అక్షరాలున్నా సరే అని అర్థం) ఒప్పుకునే సిస్టమ్ అయితే 'నియామక' వరకే కొట్టి పక్కన ఆ గుర్తు పెట్టాలి. పింఛను, పింఛన్, పెన్షన్ మూడూ విడివిడిగా చూడాలి. మనుషుల పేర్లయితే మరీ కష్టం. సత్యనారాయణ అన్న పేరుకు ఇంగ్లిష్‌లో ఎన్ని స్పెల్లింగులో! పేరు వదిలేసి ట్రెజరీ ఐడీతో (ప్రతి ఉద్యోగికీ ఖజానా ఇచ్చే నంబరు) వెతకడం మేలు. జిల్లా పేరూ చూసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు కాగితాల్లో కాకినాడ వ్యవహారాలన్నీ తూర్పుగోదావరి పేరు మీదే ఉంటాయి.

అన్నిటికన్నా నాకు ఎక్కువగా పనికొచ్చిన పద్ధతి ఇంకొకటుంది. పాత మెమో దొరక్కపోతే అదే విషయం మీద అన్నిటికన్నా కొత్తగా వచ్చిన ఉత్తర్వు తెరవండి. పైన 'ఈ కింది వాటిని చదవండి' అని రిఫరెన్సులుంటాయి. వాటిని పట్టుకుని ఒక్కో మెట్టూ వెనక్కి వెళితే మూలం చేరతాం. మధ్యలో ఏ సవరణ వచ్చిందో కూడా తెలుస్తుంది. రద్దయిన జీవోను చూపించి ఫైలు పెడితే అది మళ్లీ వెనక్కే వస్తుంది.

అయితే వెతికేవాళ్లకు ఎంత నేర్పినా తీరని చిక్కు ఒకటుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ కంప్యూటర్‌కు ఉత్త బొమ్మ. అందులోని అక్షరాలు దానికి తెలియవు. ఏళ్ల తరబడి మనం అను ఫాంట్లలో టైపు చేసిన ఉత్తర్వులదీ అదే పరిస్థితి. చూడటానికి తెలుగే, లోపల కోడ్ వేరు. ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి, పిచ్చి గుర్తులు వస్తే ఆ కాగితాన్ని సెర్చ్ ఎప్పటికీ పట్టుకోలేదు. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల కోడ్ యూనికోడ్, తెలుగుకు అది 1991 నుంచీ ఉంది. ఇప్పటికైనా ప్రతి ఉత్తర్వూ యూనికోడ్‌లోనే టైపు చేయాలని శాఖాధిపతులు కచ్చితంగా చెప్పాలి. పాత స్కాన్లను ఓసీఆర్ చేయించాలి, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చదవగలిగేలా మార్పించాలి. తెలుగు చదివే టెస్సరాక్ట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఆఫీసు కంప్యూటర్లోనే నడుస్తుంది, కాగితం బయటికి పోదు. తొందరలో కొందరు ఉద్యోగుల సర్వీసు కాగితాలను ఎక్కడెక్కడి వెబ్‌సైట్లలోనో పెట్టి మార్పించుకుంటున్నారని విన్నాను. అది ఎంతమాత్రం తగదు.

మా రోజుల్లో ప్రతి సీటులో స్టాక్ ఫైల్ ఉండేది. విషయం వారీగా జీవోలు, మెమోలు కట్టి, పైన ఇండెక్స్ కాగితం పెట్టేవాళ్లం. కొత్త గుమస్తా వచ్చిన రోజే దాన్ని చేతికిచ్చేవాళ్లం. కంప్యూటర్లు వచ్చాక స్టాక్ ఫైళ్లు పోయాయి, ఇండెక్స్ రాసే అలవాటూ పోయింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చూడండి. రికార్డులన్నిటికీ కేటలాగు, ఇండెక్స్ ఉండాలని మొదటి మాటే చెబుతుంది. ఇది ప్రతి ఆఫీసు మీదా ఉన్న బాధ్యత, ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. 30 రోజుల్లో జవాబివ్వాల్సిన దరఖాస్తుకు 'రికార్డు లభ్యం కాలేదు' అని రాసి పంపేటప్పుడు, అది నిజంగా లేదా, పేరు పెట్టక కనిపించడం లేదా అన్నది అధికారులు ఒక్కసారి చూడాలి.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అప్‌లోడ్ చేసేటప్పుడు శాఖ, నంబరు, సంవత్సరం, విషయం ఫైలు పేరులోనే ఉండాలి. సబ్జెక్టు గడిలో తెలుగులో ఒక వాక్యం, ఇంగ్లిష్‌లో ఒక వాక్యం రాయాలి. అవి లేకపోతే సూపరింటెండెంట్ ఆమోదించకూడదు. పాతవాటిలో ముందు కారుణ్య నియామకాలు, పింఛన్లు, మెడికల్ రీయింబర్స్‌మెంట్ కాగితాలు సరిచేయాలి. వాటికోసం ఎదురుచూసేవాళ్లు ఇంటి పెద్దను పోగొట్టుకున్నవాళ్లు, ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు. ఏ మెమో దేని గురించో చూడగానే చెప్పగలిగిన విశ్రాంత ఉద్యోగులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. కలెక్టర్లు పిలిస్తే జీతం అడగకుండా వచ్చి సబ్జెక్టులు రాసిపెట్టడానికి నేను సిద్ధం. నా తోటివాళ్లు కొందరు కూడా ఇదే మాట అన్నారు.

– ఒక విశ్రాంత సూపరింటెండెంట్, కాకినాడ