ఎర్ర బటన్ పడలేదు, మరి ఓవర్‌లోడ్ ఎలా అయింది?

ఉప్పల్, హైదరాబాద్
08-12-2025

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: వారంటీలో ఉన్న 750 వాట్ల మిక్సీ మోటారు కాలిపోతే, తప్పు నాదేనని రాసి ఫిర్యాదు మూసేయడం గురించి.

అయ్యా,

2024 దసరాకు ముందు మీ మిక్సీ కొన్నాను. మూడు జార్లు, 5,499 రూపాయలు. మిక్సీ మొత్తానికి 2 ఏళ్లు, మోటారుకు 5 ఏళ్లు వారంటీ అని అట్టపెట్టె మీద ఇంతింత అక్షరాలతో వేశారు. పద్నాలుగో నెలలో మోటారు కాలింది. యంత్రమన్నాక పాడవుతుంది, దానికి ఉత్తరం రాసేంత తీరిక నాకు లేదు. మీ టెక్నీషియన్ జాబ్‌షీటు మీద "ఓవర్‌లోడ్, కస్టమర్ మిస్‌యూజ్" అని రాసి వెళ్లాడు చూడండి, అది మాత్రం మింగుడుపడలేదు.

మా ఇంట్లో మిక్సీ ఏం చేస్తుందో ముందు చెప్పాలి. నేను 7:40కి ఇంట్లోంచి బయటపడితే తప్ప ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం ఆఫీసుకు టైముకు చేరలేను. మా ఆయనది షిఫ్టుల ఉద్యోగం, పొద్దున ఇంట్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇద్దరు పిల్లల టిఫిన్లు, మూడు బాక్సులు, అత్తగారికి కారం తగ్గించి తీసిన చట్నీ, అన్నీ బయల్దేరేముందు గంటన్నరలోనే. పల్లీ చట్నీకి ఒక నిమిషం, అల్లం వెల్లుల్లికి అర నిమిషం. ఇంతకంటే మిక్సీని మేం కష్టపెట్టింది లేదు, వారానికోసారి మినప్పప్పు తప్ప.

ఆ మినప్పప్పు దగ్గరే గొడవ. నవంబరు 9, ఆదివారం రాత్రి, గ్లాసున్నర పప్పు నాలుగు గంటలు నానబెట్టి, పెద్ద జారులో రెండు వాయిలుగా వేశాను. ప్రతిసారీ జారు సగానికి తక్కువే. మొదటి వాయి బాగానే నలిగింది. మీ పుస్తకంలో 5 నిమిషాలు తిప్పి 2 నిమిషాలు ఆపమన్నారు కాబట్టి ఆపాను, ఆలోపు పిల్లాడి యూనిఫాం ఇస్త్రీ చేసి వచ్చాను. రెండో వాయి మొదలుపెట్టి నిమిషం కాలేదు, కాలిన వాసన. స్విచ్ కట్టేసేలోపే కింద గాలి కన్నాల్లోంచి సన్నగా పొగ. పిల్లాడు పరుగెత్తుకొచ్చి "అమ్మా, దీపావళి అయిపోయింది కదా" అన్నాడు. నవ్వే ఓపిక లేకపోయింది.

నవంబరు 12న మీ టెక్నీషియన్ వచ్చాడు. "పదింటి నుంచి ఆరింటి మధ్య" వస్తామన్నారు కాబట్టి సగం రోజు సెలవు పెట్టి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. నాలుగున్నరకు వచ్చి, అడుగు విప్పి, వాసన చూసి, "ఇడ్లీకి బియ్యం వేసి రుబ్బుతారు మేడం, బరువు ఎక్కువై కాలింది, 1,850 అవుతుంది" అన్నాడు.

అయ్యా, మా ఇంట్లో ఇడ్లీకి బియ్యం రుబ్బం. మినప్పప్పు ఒక్కటే రుబ్బి, కడిగి పిండిన ఇడ్లీ రవ్వ కలుపుతాం. చాలా తెలుగిళ్లలో ఇదే పద్ధతి. ఈ ఊళ్లో మిక్సీలు బాగుచేసే మనిషికి ఇది తెలియదంటే నమ్మడం కష్టం. పైగా మీ పుస్తకం 6వ పేజీలోనే పెద్ద జారు బొమ్మ పక్కన ఇడ్లీ, దోసె పిండి అని అచ్చేశారు. అచ్చేసిన పనికే వాడితే మిస్‌యూజ్ ఎలా అవుతుంది?

ఇక అసలు సంగతి. మిక్సీ అడుగున ఎర్ర బటన్ ఒకటి ఉంది. బరువు ఎక్కువై మోటారు మోతాదుకు మించి కరెంటు లాగితే అది తనంతట తానే బయటికి పడి మిక్సీని ఆపేయాలి, చల్లారాక మనం లోపలికి నొక్కాలి. ఉన్నదే అందుకు. ఆ రాత్రి మిక్సీ తిరగేసి చూస్తే బటన్ ఉన్నచోటే ఉంది. ఫొటో తీశాను, ఫొటోలో తేదీ, టైమూ ఉన్నాయి. బరువే ఎక్కువైతే బటన్ ఎందుకు పడలేదు? అది బాగానే ఉంటే ఓవర్‌లోడ్ కానట్టే. పాడై ఉంటే, నన్ను కాపాడాల్సిన భాగమే మీరు సరిగ్గా పెట్టనట్టు. ఎటు చూసినా ఆ 1,850 నేనెందుకు ఇవ్వాలో అర్థం కాలేదు. ఇదే అతన్ని అడిగితే, "అదంతా కంపెనీని అడగండి మేడం" అన్నాడు. అందుకే అడుగుతున్నాను.

జాబ్‌షీటు మీద సంతకం పెట్టలేదు. పోయేముందు, "విజిట్‌కి వచ్చినట్టు ఓటీపీ చెప్పండి, లేకపోతే నాకు డబ్బులు కట్ అవుతాయి" అన్నాడు. పాపం, ఎండలో బండి మీద వచ్చాడు కదా అని చెప్పాను. పది నిమిషాల్లో మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది, 5 స్టార్లు ఇవ్వండి. ఆ తర్వాత నాలుగుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ కొత్త గొంతు, మళ్లీ మొదటి నుంచి కథ, "టికెట్ క్లోజ్ అయింది మేడం, కొత్తది వేస్తాం" అనే జవాబు. మొన్న జూన్‌లో జారును మోటారుకు కలిపే కప్లర్ అరిగిపోయినప్పుడు కూడా "రబ్బరు భాగాలు వారంటీలో రావు" అని 240 తీసుకున్నారు. అప్పుడు నోరు మూసుకుని కట్టాను, ఇప్పుడు బాధపడుతున్నాను.

ఈ నెల రోజులూ ఇల్లు ఎలా నడిచిందంటే, అత్తగారు బాల్కనీలో తులసికుండీ కింద పెట్టిన చిన్నరోలు బయటికి తీశారు. డెబ్భై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పి, పీట వేసుకుని పల్లీలు నూరుతున్నారు. పచ్చడి అమోఘంగా ఉంది, పిల్లలు ఇంకో ఇడ్లీ అడిగి మరీ తింటున్నారు. అందులో మీ కంపెనీ గొప్ప ఏమీ లేదు.

నాకు కావాల్సింది ఇది. మోటారు డబ్బు తీసుకోకుండా మార్చాలి, లేదా కొత్త మిక్సీ ఇవ్వాలి. ఎర్ర బటన్ పనిచేస్తుందో లేదో పరీక్షించి, ఫలితం కాగితం మీద రాసివ్వాలి. జాబ్‌షీటులో ఆ "మిస్‌యూజ్" మాట కొట్టేయాలి, రేపు ఇంకేదైనా పాడైతే దాన్నే చూపిస్తారని నాకు తెలుసు. వచ్చే మనిషి ఆదివారమో, రాత్రి 7:30 తర్వాతో రావాలి, నాకు మిగిలిన సెలవులు పిల్లల జ్వరాలకు కావాలి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. మెట్రోలో రోజూ గంటన్నర కూర్చుంటాను, కాగితాలు అక్కడే సిద్ధం చేసుకోగలను.

బిల్లు, వారంటీ కార్డు, జాబ్‌షీటు, ఎర్ర బటన్ ఫొటో జత చేశాను. కాలిన మిక్సీని తుడిచి, అట్టపెట్టెలో పెట్టి ఉంచాను. మీ సొంత ఖర్చుతో తీసుకెళ్లండి. జార్లు మాత్రం నా దగ్గరే ఉంటాయి, ఒకదాంట్లో ఇడ్లీ రవ్వ పోశాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు