ఇన్ఫెక్షన్ రాదని డబ్బా మీద రాశారు, వస్తే ఏం చేయాలో లోపల రాయలేదు

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: బరువు తగ్గించే (బేరియాట్రిక్) సర్జరీ చేయించుకున్నవారి కోసం మీరు అమ్ముతున్న డ్రెస్సింగ్ కిట్‌పైన, అందులోని సూచనల కాగితంపైన ఫిర్యాదు.

నమస్కారం.

మా అక్కకు ఈమధ్య స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, అంటే జీర్ణాశయంలో చాలా భాగం తీసేసే సర్జరీ జరిగింది. డిశ్చార్జి అయ్యాక ఇంట్లో వాడడానికి మీ కిట్ కొన్నాం. డబ్బా మీద "బేరియాట్రిక్ రోగులకు ప్రత్యేకం, ఇన్ఫెక్షన్ నుంచి పూర్తి రక్షణ" అని పెద్ద అక్షరాల్లో ఉంది. అక్క కోతకు ఇన్ఫెక్షన్ వచ్చింది. వచ్చినందుకు మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, ఎంత జాగ్రత్తపడ్డా కొందరికి వస్తుంది. కానీ వచ్చిన సంగతి మాకు సకాలంలో తెలియకుండా మీ కాగితం, మీ హెల్ప్‌లైన్ అడ్డుపడ్డాయి. నా ఫిర్యాదు దాని గురించే.

ఆసుపత్రిలో చేయాల్సినవన్నీ చేశారు. షుగర్ అదుపులోకి వచ్చాకే సర్జరీకి తేదీ ఇచ్చారు. పొట్ట మీద వెంట్రుకలు తీయడానికి బ్లేడు వాడలేదు, క్లిప్పర్ వాడారు. బ్లేడు వల్ల చర్మం మీద కంటికి కనపడని గాట్లు పడి, వాటిలో క్రిములు చేరతాయట. కోత పెట్టడానికి ముందు గంటలోపే యాంటీబయాటిక్ ఇచ్చారు. అందరికీ ఒకే మోతాదు సరిపోదని, 120 కిలోలు, ఆపైన బరువున్నవారికి సెఫాజోలిన్ అనే ఆ యాంటీబయాటిక్ 2 గ్రాములకు బదులు 3 గ్రాములు ఇస్తామని మత్తు డాక్టర్ ముందే వివరించారు. అంత శ్రద్ధగా చేసి ఇంటికి పంపారు. ఇంట్లో మాకు దిక్కు మీ కాగితమే అయింది.

లాపరోస్కోపీలో, అంటే సన్నని కెమెరా లోపలికి పంపి చేసే సర్జరీలో, చిన్న చిన్న కోతలే ఉంటాయి. స్లీవ్ సర్జరీలో తీసేసిన జీర్ణాశయం భాగాన్ని వాటిలో ఒకదాని గుండా బయటికి లాగుతారు. అది మిగతా వాటికన్నా కాస్త పెద్దది, ఇన్ఫెక్షన్ వస్తే ఎక్కువగా అక్కడే వస్తుంది. అక్కకు అది బొడ్డు పక్కనే ఉంది. మీ కాగితం మీద బొమ్మలో మనిషి వెల్లకిలా పడుకుని ఉంటాడు, పొట్ట చదునుగా ఉంటుంది. అక్క మంచం మీద లేచి కూర్చోగానే పొట్ట మడత పడి, డ్రెస్సింగ్ కింది అంచు ముడుచుకుని పైకి లేచేది. ఆ సందులోంచి చెమట లోపలికి దిగేది. పైన ప్యాడ్ ఒంటి రంగులో మందంగా ఉంటుంది, లోపల ఏం జరుగుతోందో ఎంత వంగి చూసినా తెలియదు. మొదట అంచు దగ్గర పసుపుపచ్చని మరక కనపడింది, మర్నాటికి వాసన మొదలైంది.

మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. "లోపలికి గాలి పోతే ఇన్ఫెక్షన్ వస్తుంది మేడమ్, ఏడో రోజు దాకా తీయకండి, కొంచెం తడి మామూలే" అన్నారు. సర్జన్‌ను అడగమని ఒక్క మాట అనలేదు. ఆ కాల్ మీ దగ్గర రికార్డయి ఉంటుంది, దయచేసి వినండి. టెన్షన్ ఆగక సర్జన్‌కే ఫోన్ చేస్తే, వెంటనే తీసుకురమ్మన్నారు. డ్రెస్సింగ్ తీసేసరికి చుట్టూ చర్మం నానిపోయి తెల్లగా పాలిపోయింది. కోత దగ్గర ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉంది. రెండు కుట్లు విప్పితే చీము వచ్చింది. లోపలి పొరల్లోకి పోకముందే దొరికింది. ఏడో రోజు దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

"పూర్తి రక్షణ" అన్న మాట ఏ ఆధారంతో వేశారు? కుట్లు వేసి మూసిన కోతల మీద ఇన్ఫెక్షన్ నివారణ కోసమని మామూలు డ్రెస్సింగ్‌కు బదులు ప్రత్యేక రకాలు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లోనే సూచించింది. చర్మం కింద కొవ్వు పొర మందంగా ఉన్నచోట రక్త ప్రసరణ తక్కువ. అందుకే ఈ రోగులకు ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. పైగా సర్జరీ తర్వాత తిండి బాగా తగ్గిపోతుంది, ప్రోటీన్ చాలకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది. డబ్బా మీద మాట నమ్మి రోగి కోతవైపు చూడడమే మానేస్తే, నష్టపోయేది ఇలాంటివాళ్లే.

కాగితంలో ఇంకో ప్రమాదకరమైన వాక్యం ఉంది: "జ్వరం, నొప్పి ఉంటే పారాసెటమాల్ గానీ ఐబుప్రోఫెన్ గానీ వేసుకోవచ్చు." ఈ సర్జరీ తర్వాత జ్వరం, గుండె దడ, పెరిగే కడుపు నొప్పి కలిసి వస్తే, లోపల కుట్ల దగ్గర లీక్ అవుతోందేమో వెంటనే చూడాలి. మాత్ర వేసుకుని ఇంట్లో కూర్చునే విషయం కాదు. ఇక గ్యాస్ట్రిక్ బైపాస్ అనే ఇంకో రకం బరువు తగ్గించే సర్జరీ అయినవారికి ఐబుప్రోఫెన్ వల్ల అల్సర్లు వస్తాయని డాక్టర్లు దాన్ని వద్దనే చెబుతారు. బేరియాట్రిక్ రోగులకు ప్రత్యేకమని రాసినవాళ్లకు ఇది తెలియదా?

డబ్బు వాపసు ఇస్తామని మీవాళ్లు మెయిల్ పెట్టారు. డబ్బు నాకొద్దు. "పూర్తి రక్షణ" మాట డబ్బా మీంచి తీసేయండి. ఎరుపు పాకుతున్నా, చీము, వాసన, జ్వరం ఉన్నా, డ్రెస్సింగ్ తడిసినా, అంచు లేచినా ఏ రోజైనా సరే సర్జన్‌కు చెప్పాలని కాగితంలో మొదటి వాక్యంగా, చదవగలిగే సైజులో వేయండి. సర్జరీ అయిన 30 రోజుల దాకా కోత మీద కన్నేసి ఉంచాలనీ రాయండి, చాలామందికి ఇన్ఫెక్షన్ ఇంటికొచ్చాకే బయటపడుతుంది. ఆ మాత్రల వాక్యం వెంటనే తొలగించండి. ఇప్పటికే షాపుల్లో ఉన్న డబ్బాల సంగతేమిటో కూడా చెప్పండి. హెల్ప్‌లైన్ వాళ్లు చీము గురించి విన్న వెంటనే "సర్జన్‌ను కలవండి" అనేలా శిక్షణ ఇవ్వండి.

డబ్బా, కాగితం, బ్యాచ్ నంబరు ఫోటోలు, బిల్లు, డ్రెస్సింగ్ తీసిన రోజు డాక్టర్ రాసిన చీటీ జత చేస్తున్నాను. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌కూ, వైద్య పరికరాల నియంత్రణ అధికారులకూ ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కిట్ వాడిన రోగి చెల్లెలు